పార్క్‌లేన్‌లో ఇరవయ్యో తారీఖు

ఆగస్టు 20, మధ్యాహ్నం మూడు గంటలు. ప్యారడైజ్ దగ్గర బస్సు దిగి పార్క్‌లేన్ వైపు నడుస్తున్నారు మీరు. వాన ఇప్పుడే వెలిసింది. చెనాయ్ ట్రేడ్ సెంటర్ ముందు, అంటే ఇక్కడందరూ సీటీసీ అని పిలిచే కంప్యూటర్ బజారు ముందు, కుర్రాళ్ళు వచ్చేపోయేవాళ్ళను ఆపి అడుగుతున్నారు: "క్యా హోనా సార్? ల్యాప్‌టాప్? ప్రింటర్? డేటా రికవరీ?" వాళ్ళను దాటుకుని ముందుకు వస్తే పాత మూడంతస్తుల భవనం ఒకటి కనిపిస్తుంది. లిఫ్టు ఆగిపోయి చాలాకాలమైంది, మెట్లెక్కండి. రెండో అంతస్తులో ఎడమ చేతి వైపున్నది ఆడిటర్ గారి ఆఫీసు. పేరు అక్కర్లేదు. సికింద్రాబాద్‌లో ఇలాంటి ఆఫీసు లేని వీధి తక్కువ.

తలుపు తీయగానే కేక వినబడుతుంది.

"అన్నా, రాణీగంజ్ మోటార్ల పార్టీది పాస్‌వర్డ్ ఏంది?"

"షీట్ల ఉంది చూడు."

"షీట్లది కొడితే తప్పంటున్నది."

"మొన్న మారిందిరా. గ్రూపుల పెట్టిన. పైకి పోయి చూడు."

ఈ రోజు జీఎస్టీ నెలవారీ రిటర్న్, జీఎస్టీఆర్-3బి, వేయడానికి చివరి రోజు. అర్ధరాత్రి దాటితే వడ్డీ, లేట్ ఫీజు. రాణీగంజ్ పంపుల డీలర్లు, జనరల్ బజార్ బట్టల కొట్లు, పాట్ మార్కెట్ నగల వ్యాపారులు, మోండాలో హోల్‌సేల్ కిరాణా, అందరి లెక్కలూ ఈ ఒక్క హాల్లోకి వచ్చి చేరాయి. గోడవార బల్లల మీద కంప్యూటర్లు, ఒక్కోదాని ముందు ఒకరు. ముగ్గురు సీఏ చదువుతూ ఆర్టికల్స్ చేస్తున్న పిల్లలు. మిగతావాళ్ళు అకౌంటెంట్లు. మధ్యలో కిటికీ పక్కన కూర్చున్నావిడ ఇక్కడ అందరికంటే సీనియర్. పిల్లలు అక్కా అంటారు, ఆడిటర్ గారు అమ్మా అంటారు. అమ్మకపు పన్ను రోజుల నుంచి ఈ కుర్చీలోనే ఉన్నారు. ఆవిడ చేతి కింద పొడుగాటి లెడ్జరు పుస్తకం ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

ఖాళీ కుర్చీ లాక్కుని, ఇందాక కేకేసిన కుర్రాడి పక్కన కూర్చోండి. తెర మీద ఎక్సెల్ షీటు తెరిచి ఉంది. ఫైలు పేరులో 'పాస్‌వర్డ్స్' అన్న మాట ఉంది, దాని వెనక 'ఫైనల్' అనీ, దాని వెనక 'కొత్తది' అనీ ఉంది. వరుసకో పార్టీ. మొదటి గడిలో కొట్టు పేరు, తర్వాత జీఎస్టీ నంబరు, యూజర్ ఐడీ, పాస్‌వర్డ్, ఇన్‌కమ్ ట్యాక్స్ పాస్‌వర్డ్, పీఎఫ్ పాస్‌వర్డ్, వృత్తి పన్ను పాస్‌వర్డ్. చివరి గడిలో డీఎస్సీ (డిజిటల్ సంతకం) పిన్. ఈ మధ్య మారినవాటికి పసుపు రంగు వేశారు. కుర్రాడు మౌస్ తిప్పుతూ కిందికి జరుగుతుంటే పాస్‌వర్డ్‌లన్నీ ఒకే పోలికలో కనిపిస్తాయి: కొట్టు పేరు మొదటి అక్షరం పెద్దది, ఆ తర్వాత ఎట్ గుర్తు, ఆ తర్వాత ఒకటి రెండు మూడు. కొన్నింటికి ఏడాది అంకె. మీరు రెండు వరుసలు చూస్తే చాలు, మూడోది చూడకుండానే చెప్పగలరు.

ఇలా ఉండడానికి కారణం ఉంది. జీఎస్టీ పోర్టల్ పాస్‌వర్డ్ 8 నుంచి 15 అక్షరాల మధ్య ఉండాలంటుంది. పెద్దక్షరం, చిన్నక్షరం, అంకె, ఏదో ఒక ప్రత్యేక గుర్తు తప్పనిసరి. మిగతా పోర్టళ్ళకు ఒక్కోదానికీ ఒక్కో నియమం. కొన్ని మూడు నాలుగు నెలలకోసారి మార్చమంటాయి. ఒక్కో పార్టీకి అయిదారు లాగిన్‌లు. ఇన్ని వందల గుర్తులు మనిషి తలలో నిలవవు. అందుకని మనిషి ఒక సూత్రం కనిపెడతాడు. ఆ సూత్రాన్ని దొంగ కూడా అంతే తేలిగ్గా కనిపెడతాడు. ఈ హాల్లో ఉన్నవాళ్ళు అజాగ్రత్తపరులు కారు. రూపాయి తేడా వస్తే రాత్రి పదింటిదాకా కూర్చుని వెతికే మనుషులు. వాళ్ళ పని తీరుకు సరిపడే సాధనాన్ని వాళ్ళ చేతికి ఎవరూ ఇవ్వలేదు, అంతే.

కుర్రాడికి ఇప్పుడు డీఎస్సీ కావాలి. లేచి ఇనుప బీరువా పక్కనున్న సొరుగు లాగుతాడు. లోపల పెన్ డ్రైవ్‌ల వంటి డాంగిల్‌లు రబ్బరు బ్యాండ్లతో కట్టలు కట్టి ఉన్నాయి. ఒక్కో డాంగిల్ ఒక్కో వ్యాపారి సంతకం. చట్టం దృష్టిలో చేతి సంతకంతో సమానం. ప్రతిదాని మీదా తెల్ల స్టిక్కరు. స్టిక్కరు మీద బాల్‌పెన్‌తో పార్టీ పేరు, దాని కింద అదే బాల్‌పెన్‌తో పిన్ నంబరు. మీరు ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. సంతకం, సంతకం పెట్టే అధికారం, రెండూ వేలెడంత ప్లాస్టిక్ ముక్క మీద ఒకేచోట ఉన్నాయి. సొరుగుకు తాళం చెవి వేలాడుతూనే ఉంది.

అటు చివర ఇంకొకాయన ఫోన్ చెవికి ఆనించుకుని ఉన్నాడు. "సేఠ్‌జీ, ఓటీపీ ఆయా హోగా. బోలియే." అవతల నుంచి అంకెలు వస్తున్నాయి, ఈయన గట్టిగా ఒక్కోటి పలుకుతూ కొడుతున్నాడు. ఈ-వే బిల్లు, ఈ-ఇన్‌వాయిస్ పోర్టళ్ళకు రెండంచెల ధ్రువీకరణ మొదట 100 కోట్ల టర్నోవరు దాటిన పెద్ద సంస్థలకు వచ్చింది. 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ తప్పనిసరి అయింది. పాస్‌వర్డ్ దొరికినా ఫోను దొరకని దొంగ లోపలికి రాకూడదని ఆ ఏర్పాటు. కానీ ఇక్కడ జరుగుతున్నది చూడండి. ఫోన్లో ఎవరైనా అడిగితే ఓటీపీ చెప్పాలన్న అలవాటు ఆ వ్యాపారికి నెలనెలా మనమే చేస్తున్నాం. రేపు ఇంకెవరో ఇదే గొంతుతో, ఇదే మర్యాదతో అడుగుతారు. ఆయన చెప్పేస్తాడు. ఈ-వే బిల్లు పోర్టల్లో ఆఫీసు మనిషి పేరున వేరే సబ్-యూజర్‌ను సృష్టించుకునే వీలుంది. అప్పుడు ఓటీపీ ఆ మనిషి ఫోనుకే వస్తుంది, సేఠ్ గారిని అడగనక్కర్లేదు. ఇంత తేలికైన దారి ఉండి కూడా చాలా ఆఫీసులు దాన్ని వాడుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

సాయంత్రం ఏడయింది. పోర్టల్ నెమ్మదించింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. కింది నుంచి చాయ్ వచ్చింది, ఒస్మానియా బిస్కెట్లు వచ్చాయి. ఆ తీరిక దొరికినప్పుడు ఆడిటర్ గారు తన గదిలోంచి బయటికి వచ్చి, హాలు మధ్యలో నిలబడి, "రేపటితో ఈ షీటుకు సెలవు," అంటారు. ఎవరూ తల ఎత్తరు. అక్క మాత్రం లెడ్జరు మీద చేయి వేసుకుంటారు.

ఆయన ఈ నిర్ణయానికి రావడం వెనక ఊళ్ళో జరిగిన సంగతి ఒకటుంది. దానికోసం మీరు కొన్నేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

2021 నవంబరు. ఇక్కడి నుంచి కొన్ని కిలోమీటర్ల దూరంలో, బంజారాహిల్స్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న ఏపీ మహేష్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు. ఉద్యోగుల మెయిల్ పెట్టెల్లోకి ఉత్తరాలు వస్తున్నాయి. విడతలు విడతలుగా, మొత్తం రెండు వందలకు పైగా. ఎవరు పంపారో తెలియదు, చూడ్డానికి మాత్రం ఆఫీసు ఉత్తరాల్లాగే ఉన్నాయి. దాదాపు అందరూ పట్టించుకోలేదు. ఇద్దరు తెరిచారు. ఇద్దరు చాలు. తెరిచిన కంప్యూటర్లలోకి దూరం నుంచి నడిపే దొంగ ప్రోగ్రాము దిగింది. అక్కడి నుంచి బ్యాంకు లోపలి యంత్రాల్లోకి దారి దొరికింది. ఎవరే మీటలు నొక్కుతున్నారో, ఏ పేరుతో ఏ పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్తున్నారో వారాల తరబడి అవతలివాళ్ళు చూస్తూ కూర్చున్నారు. ఇవతల ఎవరికీ తెలియదు. ఉదయం కౌంటర్లు తెరుస్తున్నారు, సాయంత్రం మూస్తున్నారు, క్రిస్మస్ అయింది, సంక్రాంతి అయింది.

2022 జనవరి నాలుగో వారాంతం. శని, ఆదివారాలు బ్యాంకు నిశ్శబ్దంగా ఉన్న వేళ, ముందే సిద్ధం చేసుకున్న కొన్ని ఖాతాల్లోకి సొమ్ము పోసి, అక్కడి నుంచి బయటికి పంపడం మొదలైంది. పోలీసులు తర్వాత చెప్పిన లెక్క ప్రకారం అది మొదట 115 ఖాతాలకు, వాటి నుంచి 398 ఖాతాలకు చీలింది. దేశమంతటా 938 ఏటీఎంల నుంచి నోట్లుగా బయటికొచ్చింది. మొత్తం 12.48 కోట్ల రూపాయలు. సోమవారం లెక్కలు చూసుకునేసరికి సొమ్ములో ఎక్కువ భాగం చేయి దాటిపోయింది.

ఆ మార్చి నెలాఖరులో అప్పటి హైదరాబాద్ పోలీసు కమిషనర్ సి.వి. ఆనంద్ పత్రికలవాళ్ళ ముందు కేసు వివరించారు. సరైన ఫైర్‌వాల్ లేకపోవడం, నెట్‌వర్క్‌ను విడివిడిగా కట్టుకోకపోవడం వంటివి ఆయన చెప్పారు. వాటి మధ్యలో ఇంకో మాట ఉంది, ఆడిటర్ గారి మనసులో పడింది అదే. బ్యాంకు వ్యవస్థలో ఏమైనా చేయగల సూపర్ యూజర్లు అవసరానికి మించి ఉన్నారు, వాళ్ళలో కొందరికి ఒకే పాస్‌వర్డ్ ఉంది. ఒకటి తెలిస్తే మిగతావీ తెలిసినట్టే. ఆ తర్వాత 2023లో సైబర్ భద్రత నియమాలు పాటించనందుకు రిజర్వ్ బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా వేసింది.

ఇప్పుడు మళ్ళీ ఈ హాల్లోకి రండి. పసుపు రంగు వేసిన ఆ షీటు వైపు చూడండి.

ఆడిటర్ గారికి ఇంకో బాధ కూడా ఉంది, ఇది ఆయన వృత్తిలోది. జీఎస్టీ వచ్చిన మరుసటి ఏడాది, 2018లో, ఆర్థిక శాఖే ఒక ప్రకటన చేయాల్సి వచ్చింది. రిజిస్ట్రేషన్ చేయించిపెట్టిన మధ్యవర్తులు వ్యాపారి మెయిలు, ఫోను బదులు తమవే పోర్టల్లో పెట్టేసి, ఆ తర్వాత వివరాలు ఇవ్వడం లేదని ఫిర్యాదులు వచ్చాయి. అలాంటి వ్యాపారి తన సర్కిల్ ట్యాక్స్ అధికారి దగ్గరికి కాగితాలతో వెళ్ళి, తన ఖాతాను తనే మళ్ళీ దక్కించుకునే పద్ధతిని అందులో ప్రకటించారు. సొంత కొట్టు తాళం కోసం దరఖాస్తు పెట్టుకోవడమంటే ఎంత అవమానంగా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. తన దగ్గరకొచ్చిన పార్టీ ఎవరికీ ఆ గతి పట్టకూడదని ఆయన పట్టుదల.

21వ తారీఖు ఉదయం. హాలు ప్రశాంతంగా ఉంది. రాత్రి పదకొండున్నరకు చివరి రిటర్న్ వెళ్ళింది. సీటీసీలో సిస్టమ్స్ చూసే కుర్రాడు బ్యాగు తగిలించుకుని వచ్చాడు. ఆడిటర్ గారి బల్ల మీద మూడు పాస్‌వర్డ్ మేనేజర్ల పేర్లు, అంటే పాస్‌వర్డ్‌లన్నిటినీ ఒకే తాళం కింద ఖజానాలో దాచే సాఫ్ట్‌వేర్ల పేర్లు, రాసున్న కాగితం ఉంది. కీపాస్: 2003 నుంచి ఉన్నది, ఉచితం, ఖజానా మన కంప్యూటర్లోనే ఫైలుగా ఉంటుంది. బిట్‌వార్డెన్: 2016లో వచ్చింది, దాని కోడ్ ఎవరైనా చదివి పరీక్షించవచ్చు. జోహో వాల్ట్: చెన్నై కంపెనీది. ఏది తీసుకున్నా పని ఒక్కటే అంటాడు కుర్రాడు. పది మంది కలిసి వాడాలి, ఎవరికేది కనిపించాలో విడదీయాలి, కాబట్టి టీములకు పనికొచ్చే రకం కావాలి. ఆ లెక్కన కీపాస్ పక్కకు పోయింది. మిగతా రెండింటిలో ఒకటి తీసుకున్నారు.

"ముందు మాస్టర్ పాస్‌వర్డ్, మేడమ్," అని అక్క వైపు తిరుగుతాడు. "ఒక్కటే గుర్తుపెట్టుకోవాలి. ఇంకేదీ అక్కర్లేదు."

"మా మనవడి పేరు పెడతా."

"వద్దు మేడమ్. మీకు తట్టింది ఇంకొకరికీ తడుతుంది."

అతను బ్యాగులోంచి లూడో ఆడుకునే పిల్లల దగ్గర ఉండే మామూలు పాచిక తీసి ఆవిడ చేతిలో పెడతాడు. పక్కన ఒక జాబితా. అందులో 7,776 మాటలున్నాయి, ప్రతి మాటకూ అయిదంకెల నంబరు. అంకెలన్నీ ఒకటి నుంచి ఆరు లోపువే. 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ అనే ఆయన మొదలుపెట్టిన పద్ధతి ఇది, డైస్‌వేర్ అంటారు. పాచిక అయిదుసార్లు వేస్తే ఒక మాట దొరుకుతుంది. అక్క కళ్ళద్దాలు సర్దుకుని పాచిక విసురుతారు. నాలుగు. మళ్ళీ. ఒకటి. మళ్ళీ. మొదటి మాట దొరికింది. పెన్సిలుతో చీటీ మీద రాసుకున్నారు. ఇలా అయిదు మాటలు. ఒకదానికొకటి సంబంధం లేని మాటలు. ఈ పద్ధతిలో రాగల కూర్పులు 28 పక్కన 18 సున్నాలు పెడితే వచ్చేటంత సంఖ్య. ఆవిడ పెదవులు కదుపుతూ ఆ అయిదింటినీ కలిపి ఒక చిన్న కథ అల్లుకుంటున్నారు. మీరు మర్యాదగా తల పక్కకు తిప్పుకోండి.

"దీన్ని వాళ్ళ కంపెనీవాళ్ళు చూడరా?" అడుగుతారు ఆవిడ. ఆవిడ అడగాల్సిన ప్రశ్నే అది. కుర్రాడు ఓపికగా చెబుతాడు. మీరు కొట్టిన మాటలు ఈ కంప్యూటరు దాటి బయటికి పోవు. వాటిని ఇక్కడే ఒక గణిత ప్రక్రియలో లక్షలసార్లు తిప్పితే ఒక తాళం తయారవుతుంది. ఆరు లక్షలసార్లు తిప్పడం ఇప్పుడు బిట్‌వార్డెన్ లాంటి వాటిలో మామూలు. ఆ తాళంతో ఖజానా ఇక్కడే మూతపడి, మూతపడ్డ రూపంలోనే వాళ్ళ సర్వరుకు వెళ్తుంది. అన్నిసార్లు తిప్పడం మనకు అర సెకను పని. కోట్ల కొద్దీ ఊహలు వరసగా వేసి చూసే దొంగకు మాత్రం ప్రతి ఊహకూ అన్నిసార్లు తిప్పే బరువు పడుతుంది.

"అయితే ఎప్పుడూ దొంగతనం జరగలేదా?"

జరిగింది. ఆ మాట దాచకుండా చెప్పినందుకు ఆ కుర్రాడి మీద నాకు గౌరవం కలిగింది. 2022లో లాస్ట్‌పాస్ అనే పెద్ద కంపెనీ నుంచి ఖాతాదారుల ఖజానాల నకళ్ళను ఎత్తుకుపోయారు. అక్కడ పనిచేసే ఒక సీనియర్ ఇంజనీరు ఇంటి కంప్యూటర్లో, పాతబడిన ఒక సాఫ్ట్‌వేర్ సందులోంచి దూరి, ఆయన మీటల మీద కన్నేసి, ఆయన మాస్టర్ పాస్‌వర్డ్ పట్టుకున్నారు. ఖజానాల్లో పాస్‌వర్డ్‌లు మూతపడే ఉన్నాయి, కానీ వెబ్‌సైట్ల చిరునామాలు తెరిచే ఉన్నాయి. బలహీనమైన మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్ళు, పాత పద్ధతిలో తక్కువసార్లు తిప్పిన తాళాలున్నవాళ్ళు ఎక్కువ ప్రమాదంలో పడ్డారు. అందుకే పాచిక, అందుకే అయిదు మాటలు, అందుకే మాస్టర్ పాస్‌వర్డ్‌తో పాటు ఫోనులోని ఆథెంటికేటర్ యాప్ అంకె కూడా. కంప్యూటర్లోనే మీటలు చూసే దొంగ ఉంటే మాత్రం ఏ మేనేజరూ పూర్తిగా కాపాడదు. విండోస్ అప్‌డేట్లు, యాంటీవైరస్, తెలియని మెయిలు తెరవకపోవడం, ఇవన్నీ ఎప్పటిలాగే మన పని.

షీటును లోపలికి ఎక్కించడానికి కొన్ని నిమిషాలు పట్టింది. ఎక్కించాక అసలు పని మొదలైంది. ఒక్కో పార్టీకి ఫోను చేసి చెప్పి, ఒక్కో పాస్‌వర్డ్‌నూ మార్చడం. మేనేజరే 15 అక్షరాల గజిబిజి తయారుచేసి ఇస్తుంది. ఒకదానికీ ఇంకోదానికీ పోలిక ఉండదు. రోజుకు కొన్ని, వారాల తరబడి పని. మధ్యాహ్నానికి రాణీగంజ్ పార్టీలు అయ్యాయి. వేళ్ళు నొప్పి పుట్టాయని పిల్లలు గొణిగారు. ఈ భాగం విసుగే. దీనికి దగ్గరదారి లేదు.

మూడింటికి ఒక చిన్న సంఘటన జరిగింది, దీన్ని మీరు దగ్గరగా చూడాలి. ఆర్టికల్ కుర్రాడికి ఒక మెయిలు వచ్చింది: జీఎస్టీ నోటీసు, వెంటనే లాగిన్ అయి జవాబు ఇవ్వండి. లింకు నొక్కాడు. పోర్టల్ తెరుచుకుంది. అదే నీలం పట్టీ, అదే మూడు సింహాల ముద్ర. యూజర్ ఐడీ గడిలో క్లిక్ చేశాడు. పొద్దుటి నుంచి తనంతట తాను పాస్‌వర్డ్ నింపుతున్న మేనేజరు ఈసారి కదల్లేదు. మళ్ళీ నొక్కాడు. కదల్లేదు. "అక్కా, ఇది ఖరాబైనట్టుంది," అన్నాడు. సిస్టమ్స్ కుర్రాడు వచ్చి పైనున్న చిరునామా పట్టీ మీద వేలు పెట్టి చూపించాడు. అసలు చిరునామా జీఎస్టీ డాట్ గవ్ డాట్ ఇన్‌తో ముగియాలి. ఇందులో ఆ మాటలు మొదట్లో ఉన్నాయి, చివర ఇంకేదో ఉంది. రాత్రి పదకొండింటికి, పోర్టల్ నెమ్మదించినప్పుడు, మనిషి కన్ను బొమ్మను చూస్తుంది. మేనేజరు బొమ్మను చూడదు, చిరునామా అక్షరాలు చూస్తుంది. సరిపోకపోతే పాస్‌వర్డ్ ఇవ్వదు. ఈ సాధనం చేసే మేళ్ళన్నిటిలో నేను దీన్నే ముందు పెడతాను. కుర్రాడు చేయి వెనక్కి తీసుకుని చాలాసేపు ఆ తెర వైపే చూశాడు.

పిల్లలకు చాయ్ వేళ సిస్టమ్స్ కుర్రాడు ఒక పాత సంగతి చెప్పాడు. అమెరికాలోని ఎంఐటీలో, చాలామంది ఒకే యంత్రాన్ని పంచుకునే సీటీఎస్ఎస్ అన్న వ్యవస్థ ఉండేది. పాస్‌వర్డ్ వాడకం కంప్యూటర్లలో అక్కడే మొదలైందంటారు. 1960ల మధ్యలో ఒకరోజు ఇద్దరు నిర్వాహకులు ఒకేసారి రెండు ఫైళ్ళు దిద్దుతుంటే, అవి తారుమారయ్యాయి. లాగిన్ అయిన ప్రతి ఒక్కరికీ ఆ రోజు సందేశం రావాల్సిన చోట అందరి పాస్‌వర్డ్‌లూ కనిపించాయి. పాస్‌వర్డ్‌లన్నీ చదవగలిగే అక్షరాల్లో ఒకే ఫైలులో ఉంటే ఏమవుతుందో లోకానికి తెలిసి ఆరు దశాబ్దాలవుతోంది.

తర్వాత పంపకాలు. జనరల్ బజార్ పార్టీలు చూసే ఇద్దరికి ఆ పార్టీలే కనిపిస్తాయి. పీఎఫ్ చూసే అమ్మాయికి పీఎఫ్ లాగిన్‌లే. ఆర్టికల్ పిల్లలకు వాడుకునే హక్కు మాత్రమే ఉంది, పాస్‌వర్డ్ చుక్కల వెనకే ఉంటుంది. ఎవరు ఎప్పుడు ఏది తెరిచారో చిట్టా పడుతుంది.

"వచ్చే నెల నా ఆర్టికల్స్ అయిపోతాయి కదా, అప్పుడేమైతది?" ఒక అమ్మాయి అడుగుతుంది.

ఆడిటర్ గారు నవ్వి, "నీ పేరు తీసేస్తాం, తల్లీ. ఆ సాయంత్రమే," అంటారు. "నీ మీద అనుమానం ఉండి కాదు. రేపు ఏదైనా జరిగితే నీ పేరు ఎవరూ ఎత్తకూడదు."

కుర్రాడు ఒక్క మాట కలిపాడు. చుక్కల వెనక దాచినా, తెలివైనవాళ్ళు పాస్‌వర్డ్‌ను బయటికి తీయగలరు. కాబట్టి మనిషి వెళ్ళిపోయినప్పుడు వాళ్ళు వాడిన లాగిన్‌లు మార్చాల్సిందే. ఇంతకుముందు ఎవరి దగ్గర ఏముందో తెలియదు కాబట్టి ఏదీ మార్చేవాళ్ళు కాదు. ఇప్పుడు చిట్టా ఉంది.

మిగిలింది పాస్‌వర్డ్‌లు చేత్తో రాసిపెట్టుకున్న లెడ్జరు పుస్తకం. అక్క దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. "కంప్యూటరు పోతే? నెట్ పోతే? నాకేమన్నా అయితే?" మూడూ న్యాయమైన ప్రశ్నలే. ఖజానా నకలు ఫోనులోనూ ఉంటుంది. ఆడిటర్ గారికి, ఆవిడకు, ఇద్దరికీ అన్నీ తెరిచే హక్కు ఉంటుంది. ఆపదలో తెరవడానికి మాస్టర్ పాస్‌వర్డ్, రికవరీ కోడ్ రాసి కవరులో పెట్టి లక్క వేస్తారు. ఆ కవరు ఎక్కడ పెట్టాలన్నది చర్చ. "ఈ బీరువాలోనే పెడదాం," అన్నారెవరో.

"ఇక్కడొద్దు," అన్నారు ఆడిటర్ గారు. "స్వప్నలోక్ మరిచారా?"

హాలంతా ఒక్క క్షణం ఆగింది. ఇదే చుట్టుపక్కల, 2023 మార్చి 16 రాత్రి స్వప్నలోక్ కాంప్లెక్స్ కాలిపోయినప్పుడు, అక్కడి ఆఫీసులో పనిచేసే ఆరుగురు చిన్నవయసు పిల్లలు పొగలో ఊపిరాడక చనిపోయారు. ఆ ప్రాణాల ముందు ఏ కాగితమూ లెక్కలోకి రాదు. ఆ రాత్రి తర్వాత ఆఫీసే సర్వస్వం అనుకోవడం ఇక్కడివాళ్ళు మానుకున్నారు. కవరు బ్యాంకు లాకరుకు వెళ్ళింది.

సాయంత్రం సొరుగు దగ్గర కూర్చుని పిల్లలు డాంగిల్‌ల మీది స్టిక్కర్లు గోళ్ళతో గీకేస్తున్నారు. జిగురు వదలడం లేదు, కొబ్బరినూనె తెప్పించారు. పిన్‌లు ఖజానాలోకి వెళ్ళాయి, సొరుగు తాళం చెవి ఆడిటర్ గారి జేబులోకి వెళ్ళింది. సర్వరులోని షీటును, దాని పాత నకళ్ళను తుడిచేశారు. మెయిల్లో వెతికితే అయిదుచోట్ల అదే షీటు దొరికింది. వాట్సాప్ గ్రూపులో మూడేళ్ళ సందేశాలున్నాయి. అందులోవి ఎన్ని ఫోన్లలో ఉన్నాయో ఎవరూ చెప్పలేరు, కనుక ఆ పాస్‌వర్డ్‌లన్నీ మారాలి. అక్క తన లెడ్జరులోని పాస్‌వర్డ్‌లు చివరి పేజీ దాకా మారాక దాన్ని తనే చింపుతానన్నారు. అప్పటిదాకా అది తాళం వేసిన బీరువాలో ఉంటుంది. అది సబబైన ఏర్పాటే.

మీరు మెట్లు దిగే ముందు ఒక మాట. మీ ఆఫీసులో, దుకాణంలో, ఆసుపత్రి కౌంటర్లో, స్కూలు అడ్మిన్ గదిలో ఇలాంటి షీటు ఒకటి తప్పకుండా ఉంటుంది. వచ్చే గడువు తేదీ వరకు ఆగకండి. ఈ రోజు ఆఫీసు మెయిలు, బ్యాంకు లాగిన్, ఈ రెంటి పాస్‌వర్డ్‌లూ మార్చి, రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. ఈ వారం ఒక పాస్‌వర్డ్ మేనేజరు ఎంచుకోండి. వెళ్ళిపోయిన ఉద్యోగుల పేర్లు రాసుకుని, వాళ్ళ చేతిలో ఉండి ఉండగల లాగిన్‌లు ముందు మార్చండి. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930కు ఫోను చేయండి. మొదటి గంటల్లో చేస్తే సొమ్మును దారిలోనే ఆపగలిగే అవకాశం ఎక్కువ.